సైకిలు కళ్ళజోడు

కాలవలు కట్టేసిన వారం తిరక్కుండానే మా అత్తగారు నన్ను సైకిలెక్కించారు. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. రామచంద్రపురం జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే మనిషిని. ద్రాక్షారామంలో సగం మంది పిల్లలు నన్ను చూస్తే పక్కకు తప్పుకుని నమస్కారం పెడతారు. అలాంటిదాన్ని తెల్లారీతెల్లారకుండా చుడీదారు వేసుకుని, కాలవ గట్టు మీద సైకిలు సీటెక్కి వణికిపోతున్నాను. వెనకాల సీటు పట్టుకుని అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు, వరహాలక్ష్మిగారు.

"నీళ్ళున్నప్పుడు నేర్పితే నిన్ను పట్టుకోవడం ఒక పనీ, ఒడ్డుకి లాగడం ఇంకో పనీ. ఇప్పుడైతే పడ్డా మట్టే కదా. తొక్కు" అన్నారావిడ.

వేసవిలో మరమ్మతులకని మా కాలవలకి నీళ్ళాపేస్తారు. గుర్రపుడెక్క ఎండి ఈనెలై, అడుగున బురద నెర్రెలిచ్చి ఉంటుంది. అందులోకి చూస్తూ నేను పెడలు మీద కాలు పెట్టాను.

ఇదంతా షుగరు వల్ల వచ్చింది. సెలవుల ముందు చేయించుకున్న రక్తపరీక్షలో అది గీత దగ్గరకొచ్చి నిలబడింది. రోజూ నడవమన్నారు డాక్టరుగారు. నడిస్తే మోకాళ్ళు పట్టేశాయి. "సైకిలైతే బరువంతా సీటు మోస్తుంది, మోకాళ్ళకి పనుండదు" అని తేల్చేశారు అత్తగారు. ఆవిడ హిందీ టీచరుగా పనిచేసినన్నాళ్ళూ చుట్టుపక్కల హైస్కూళ్ళన్నిటికీ సైకిలు మీదే వెళ్ళొచ్చారు. రిటైరై ఇన్నేళ్ళయినా కూరలకి వెళ్ళేది దాని మీదే.

నాకు సైకిలు రాకపోవడానికి కారణం భయం కాదు, కళ్ళజోడు. నా నంబరు మైనస్ తొమ్మిది. జోడు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో గుంజో తెలీదు. చిన్నప్పుడు ఏ ఆట దగ్గర నిలబడినా "జోడు పగుల్తుంది, ఇవతలికి రా" అని మా నాన్నగారి గొంతు వినిపించేది. ఆడేవాళ్ళ చెప్పులకి కాపలా కాస్తూ పెరిగాను.

నాలుగో రోజో ఐదో రోజో, ఒకచోట అత్తగారి రొప్పు వినిపించడం మానేసింది. ఆవిడ సీటు వదిలేశారని నాకప్పుడు తెలీదు. గట్టు మీది మట్టి చక్రం కింద మెత్తగా జారిపోతోంది. చెవుల పక్కన గాలి. నా మానాన నేను వంతెన దాకా వెళ్ళిపోయి, దిగడం రాక, దాని గోడకి ఆనుకుని ఆగాను. వెనక్కి చూస్తే అత్తగారు అల్లంత దూరాన నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు. నవ్వుతున్నారో లేదో ఆ దూరానికి కనిపించలేదు గానీ, నేను మాత్రం గట్టిగా నవ్వాను. ఒక్కదాన్నే ఉండి అంత గట్టిగా నేనెప్పుడూ నవ్వలేదు.

చిక్కంతా జోడుతోనే. చెమట పట్టేసరికి ముక్కు మీదనుంచి జారేది. ఒక చేత్తో పైకి తోసుకుందామంటే హ్యాండిల్ వంకర తిరిగేది. అత్తగారు పాత లంగాలోంచి ఎలాస్టిక్ లాగి, జోడు రెండు కాళ్ళకీ ముడేసి, నా తలకి బిగించారు. కాసేపు బాగానే ఉంది. ఇంతలో వెనకనుంచి మోటారుసైకిలు హారన్ కొట్టింది. తల తిప్పాను. ఫ్రేము అవతల నాకు లోకమంతా పాలమీగడే కదా. ఆ మీగడలో గట్టు అంచు ఎక్కడుందో తెలీలేదు. సైకిలూ నేనూ కలిసి కాలవలోకి దిగిపోయాం.

ఎముకలేవీ విరగలేదు. జోడు కాలు విరిగింది, ముక్కు మీద చీరుకుపోయింది.

మావారు శశిభూషణ్‌కి రామచంద్రపురం బ్యాంకులో ఉద్యోగం. కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. ఆ పూట మాత్రం పెంచారు.

"ఏంటమ్మా ఇది? షుగరు తగ్గించుకోమంటే మొహం పగలగొట్టుకొచ్చింది!"

"పగిలింది మొహం కాదురా, జోడు" అన్నారు అత్తగారు, నా ముక్కుకి పసుపు అద్దుతూ.

"అదే చెప్తున్నాను. ఆ అద్దం పగిలి కంట్లో గుచ్చుకునుంటే?"

అత్తగారు పసుపు గిన్నె పక్కన పెట్టి అన్నారు. "పట్టుచీర కట్టుకుని ఊడ్పులకి దిగినట్టుంది మన వరస. ఇంట్లో పెట్టుకునే జోడుతో గట్టెక్కితే ఇలాగే ఉంటుంది. ఆటకి ఆట జోడుండాలి."

మావారికి ఆ మాట నచ్చింది. నేను మానేస్తే ఆయనకింకా నచ్చేది గానీ, తల్లి మాట తీసెయ్యలేక మర్నాడే నన్నో షాపుకి తీసుకెళ్ళారు. సైకిలుకి జోడు కావాలని చెప్పగానే షాపతను నల్లగా నిగనిగలాడుతూ చెంపల దాకా చుట్టుకుపోయేది ఒకటి తీశాడు. "పోటీల్లో అందరూ పెట్టుకునేవి ఇవేనండి. మీ నంబరు కూడా ఇందులో వేయించేస్తాను" అన్నాడు. వేయించాడు కూడా.

అది పెట్టుకుని గట్టెక్కిన రోజు మర్చిపోలేను. రోడ్డు అంచులు రెండూ పైకి లేచిపోయాయి. పెద్ద గిన్నె అడుగున సైకిలు తొక్కుతున్నట్టుంది. పక్కన కొబ్బరిచెట్లు నడుం వంచి నా మీదకి వస్తున్నాయి. వంతెన దాకా వెళ్ళకముందే కడుపులో తిప్పి, సైకిలు దిగి కూలబడ్డాను.

అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. "కనపడకపోతే పోయింది, చూడ్డానికి కూడా దొంగబంగారం అమ్మేదానిలా ఉన్నావు" అన్నారు. అంత తిప్పుడులోనూ నవ్వొచ్చింది.

"అలవాటవుతుందని చెప్పాడే షాపతను" అన్నారు మావారు ఆ సాయంత్రం. నేను ప్రయత్నించాను. అలవాటు కాలేదు. మూడో రోజున ఆయన నా పక్కన కూర్చుని మెల్లిగా అన్నారు. "ఇక చాల్లే ఉమా. మేడ మీద ఎంతసేపు నడుస్తావో నడువు. నీతో పాటు నేనూ నడుస్తాను."

అంతకన్నా మంచిగా ఎవరు చెప్తారు? సరేనంటే సరిపోయేది. కానీ వంతెన దగ్గరి ఆ నవ్వు గుర్తొచ్చి, సరే అనలేకపోయాను. "ఒక్కసారి రాజమండ్రిలో కంటాసుపత్రిలో చూపించుకుని వస్తానండి. వాళ్ళు కూడా వద్దంటే మానేస్తాను" అన్నాను.

అత్తగారూ నేనూ బస్సెక్కాం. ఆసుపత్రిలో కళ్ళు పరీక్ష చేసిన అమ్మాయి పేరు దుర్గాశ్రీ. నల్లజోడు తిప్పితిప్పి చూసి పక్కన పెట్టింది.

"ఇది చెడ్డదేం కాదండి. చిన్న నంబరువాళ్ళకి బాగానే ఉంటుంది. మీ నంబరుకి అద్దం అంచుల్లో మందం ఎక్కువ. దాన్నిలా వంపు తిప్పితే పక్కకి చూసినప్పుడల్లా రోడ్డు వంకర పోతుంది. ఇంతకీ సైకిలు మీద మీరు ఎలా కూర్చుంటారు? నిటారుగానా, ముందుకి వంగా?"

ఎలా చెప్పాలో తెలీక స్టూలు మీద కూర్చుని చేతులు చాపి చూపించాను. అత్తగారు అలవాటుకొద్దీ వెనక్కొచ్చి స్టూలు పట్టుకున్నారు. దుర్గాశ్రీ నవ్వాపుకోలేక మొహం తిప్పేసుకుంది. తర్వాత ఏ వేళప్పుడు తొక్కుతాను, గట్టు మీద చెట్లున్నాయా, ఎదురెండా, చెమట ఎంత పడుతుంది, ఇలా చాలా అడిగింది. నా కళ్ళ గురించి అన్ని ప్రశ్నలు అంతవరకు ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ళందరూ నంబరు పెరిగిందా తగ్గిందా అనే.

"ఫ్రేము సంగతి తర్వాత చూద్దాం. ఇంత నంబరున్నవాళ్ళు ఆటలు మొదలుపెట్టే ముందు రెటీనా చూపించుకోవాలండి. కంటి పక్కన మెరుపుల్లాంటివి ఏమైనా కనిపిస్తున్నాయా?"

"కాలవలో పడ్డప్పుడు చుక్కలు కనిపించాయి" అన్నాను నవ్వుతూ. అన్నాక ఆగిపోయాను. సైకిలు మొదలుపెట్టక ముందునుంచీ కూడా, లైటు వెయ్యకుండా వంటింట్లోకి వెళ్తే, ఎడమ కంటి కొసన ఒక తెల్లటి గీత తళుక్కుమనేది. ఎవరో ఫోన్ వెలిగించారనుకుని తిరిగి చూసేదాన్ని. ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఆ మాట చెప్పేసరికి దుర్గాశ్రీ చేతిలోని పని ఆపి, లేచి లోపలికి వెళ్ళింది.

కంట్లో మందు వేశారు. కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టారు. రెటీనా డాక్టరుగారు తల మీద లైటు పెట్టుకుని, పైకి చూడమ్మా, కిందకి చూడమ్మా అంటూ చాలాసేపు చూశారు. "ఎడమ కంట్లో అంచున చిన్న చిరుగుంది. ఈ పూటే లేజర్ చేసేద్దాం" అన్నారు.

"సైకిలు మీంచి పడ్డందుకాండి?" అన్నారు అత్తగారు. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"అలా చెప్పలేమండి. ఈవిడ చెప్పే మెరుపులు అంతకు ముందునుంచే ఉన్నాయి. ఇంత నంబరుకి కుర్చీలో కూర్చున్నా రావచ్చు. ఇప్పుడు దొరికింది, అదీ మన అదృష్టం. ఇలాగే వదిలేసి ఉంటే ఏదో ఒక రోజు రెటీనా ఊడివచ్చేది."

మిషనుకి గడ్డం ఆనించి కూర్చోమన్నారు. పచ్చటి వెలుగు చుక్కలు చుక్కలుగా కంట్లో పడుతుంటే, లోపలెక్కడో సన్నగా చురుక్కుమనేది. ఎక్కువసేపు పట్టలేదు. కొన్ని వారాలు కుదుపులు వద్దని, బరువులెత్తవద్దని, ఆ తర్వాత చూసి చెప్తామని పంపించారు.

తిరుగు బస్సులో నాకంతా వెలుగే తప్ప రూపాలేవీ లేవు. అత్తగారు పక్కన ఉన్నారని ఆవిడ భుజం తగులుతుంటేనే తెలుస్తోంది.

"నిన్ను నేను ఎక్కించకుండా ఉంటే బాగుండేది" అన్నారు ద్వారపూడి దాటాక.

"మీరు ఎక్కించబట్టే కదా అత్తయ్యగారూ, జోడు కోసం ఇక్కడిదాకా వచ్చాను. లేకపోతే నాకేం తెలిసేది?"

ఆవిడ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. ఊరొచ్చేదాకా వదల్లేదు.

ఆయన బ్యాంకునుంచి వచ్చి స్నానం చేసి భోజనానికి కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తూ జరిగింది జరిగినట్టు చెప్పేశారు. చిరుగన్నప్పుడు ఆయన చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. లేజరన్నప్పుడు నావైపు చూశారు. నేను తల దించుకుని, ఇంక సైకిలు కథ ముగిసిందనే అనుకున్నాను. అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఆయన మజ్జిగ పోసుకుని అన్నం కలుపుకున్నారు.

"ఇంతకీ ఫ్రేము ఏ రంగుది చెప్పావు?" అన్నారు.

"చెప్పలేదండి. ఇంకా ఎంచుకోలేదు."

"సరే, కన్ను కుదుటపడ్డాక ముగ్గురం వెళ్దాం."

అంతే. అత్తగారు ఆయన పళ్ళెంలో అడక్కుండానే ఇంకో గరిటె అన్నం వేశారు. చాలమ్మా అన్నా వినలేదు.

ఆ వారాలు సెలవుల్లో ఎన్నడూ లేనంత సుఖంగా గడిచాయి. నన్ను బిందె ఎత్తనివ్వలేదు, ఆవకాయ జాడీ కదపనివ్వలేదు. నేను పడకకుర్చీలో కూర్చుని రసాలు తింటుంటే, అత్తగారు పెరట్లో నా సైకిలుకి నూనె పెట్టేవారు. మళ్ళీ చూపించుకున్నప్పుడు డాక్టరుగారు చిరుగు చుట్టూ లేజర్ మచ్చ బాగా అతుక్కుందన్నారు. ఎగురుళ్ళూ దూకుళ్ళూ వద్దు గానీ సైకిలు తొక్కుకోవచ్చు. మెరుపులు మళ్ళీ కనిపిస్తే మాత్రం ఆ రోజే రావాలి.

అక్కడినుంచి నేరుగా దుర్గాశ్రీ దగ్గరకెళ్ళాం. ఫ్రేములు బల్ల మీద పరిచింది. నేను ఎప్పట్లాగే వెనక్కి జరిగి "మీరే చూడండి" అన్నాను మావారితో.

"పెట్టుకునేది మీరు కదండీ" అంది దుర్గాశ్రీ.

నవ్వాను. పెద్ద నంబరువాళ్ళ బాధ మామూలువాళ్ళకి తెలీదు. కొత్త ఫ్రేము పెట్టుకోవాలంటే పాత జోడు తియ్యాలి. తీస్తే అద్దంలో ఉన్నది నేనో మా అత్తగారో నాకు తెలీదు. అందుకే నా జోళ్ళన్నీ పెళ్ళికి ముందు మా నాన్నగారు, తర్వాత ఈయన ఎంచినవే. అన్నీ నల్లవి, లేదా గోధుమరంగువి. ఆ మాట చెప్తే మావారు తెల్లబోయారు. ఇన్నేళ్ళలో ఆయనకి తట్టలేదు, నేనూ చెప్పలేదు. జేబులోంచి ఫోన్ తీశారు.

"ఒక్కోటీ పెట్టుకో. ఫోటో తీస్తాను. నీ జోడు పెట్టుకుని చూసుకుందువు గాని."

అలా అరపూట పట్టింది. పెద్ద ఫ్రేము పెట్టుకుంటే అద్దం అంచులు సోడాసీసా అడుగులవుతాయని, చిన్నవే తీయించింది దుర్గాశ్రీ. ముక్కు దగ్గర రబ్బరు మెత్తలు, చెవుల వెనక వంగి పట్టుకునే కాళ్ళు, ఊడకుండా వెనక పట్టీ. పడినా పెంకులు పెంకులుగా పగలని గట్టి ప్లాస్టిక్ అద్దం. కనుబొమల దగ్గర కాస్త సందు, గాలాడి ఆవిరి పట్టకుండా. ఎండకి నల్లబడే అద్దం వేయించుకుంటానంటే వద్దంది. "చెట్ల నీడలోకీ ఎండలోకీ మారుతూ వెళ్తారు కదా. అది రంగు మార్చుకునేలోపు మీరు ఇంకో నీడలోకి వెళ్ళిపోతారు. లేత గోధుమరంగు చాలండి." దగ్గర చూపుకి వేరే నంబరు కలపొద్దంది. పుస్తకం చదవాలంటే నేనెలాగూ జోడు తీసేస్తాను.

ఫోటోలన్నీ చూసుకుని దానిమ్మగింజ రంగుది తీశాను. మావారు ఏదో అనబోయారు. అత్తగారు ఆయన కాలు తొక్కారు.

అక్కడితో అయిపోలేదు. మావారు ఆదివారాలు షటిల్ ఆడతారు. కొన్నాళ్ళుగా నెట్ దగ్గర పడేవన్నీ వదిలేస్తున్నారు. ఊపిరి తగ్గింది, వయసు మీద పడిందని దిగులు పడేవారు. దుర్గాశ్రీ ఆయన జోడు చూసి "చదవడానికీ దూరానికీ కలిపి ఒకటే అద్దమా? దీంతోనే ఆడతారా?" అంది. కిందకి చూసేసరికి చదివే భాగం అడ్డొచ్చి షటిల్ మసకబారిపోతోందట. ఆటకని దూరం చూపుది ఒక్కటే, గట్టి అద్దంతో వేరుగా రాసిచ్చింది. ఆ కబురుకి ఆయన మొహం చూడాలి. పదేళ్ళు ఎవరో తిరిగిచ్చినట్టు వెలిగిపోయింది.

"నాకేం లేదా అమ్మాయీ?" అన్నారు అత్తగారు. ఆవిడకి శుక్లాల ఆపరేషనై, దూరం చూపు శుభ్రంగా ఉంది.

"మీకు నంబరు అక్కర్లేదండి. సాయంత్రాలు పురుగులు కంట్లో పడకుండా తెల్లటిది ఒకటి పెట్టుకోండి."

"నలభై ఏళ్ళుగా పురుగులు మింగుతూనే తొక్కాను" అని గొణిగారు గానీ, ఆవిడదీ ఎంచడానికి నాకు పట్టినంత సేపూ పట్టింది.

జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలారు. ముందు ఎర్రగా, నురగతో, ఎండుటాకుల్ని తోసుకుంటూ వచ్చాయి. రెండు రోజుల్లో కాలవ నిండింది. నారుమళ్ళు పచ్చబడ్డాయి. కొత్త జోడు పెట్టుకుని మొదటిసారి గట్టెక్కినప్పుడు ముందు కిందకే చూశాను. ఇప్పుడు కింద మట్టి లేదు, నీళ్ళున్నాయి. కాసేపటికి వెనక హారన్ వినిపించింది. తల కాస్త ఎక్కువగా తిప్పి, అద్దం మధ్యలోంచి చూశాను. పాలబిందెలు కట్టుకున్న మోటారుసైకిలు. అతను చెయ్యూపి వెళ్ళిపోయాడు. నేను నా దారినే ఉన్నాను. చెమట పట్టింది. జోడు కదల్లేదు.

కాలేజీ తెరిచే ముందు ఆదివారం, మావారు కొత్త జోడుతో షటిల్‌కి పోయారు. మేమిద్దరం కోటిపల్లి దాకా వెళ్దామనుకున్నాం. పొలాల మధ్యనుంచి, వెనకా ముందూ కబుర్లు చెప్పుకుంటూ, మధ్యలో ఇడ్లీలకి ఆగి, ఎండ ముదిరేలోపు రేవు చేరాం. గోదావరి నిండుగా ఉంది. మనుషుల్నీ బళ్ళనీ అవతలి ఒడ్డున ముక్తేశ్వరానికి దాటించే పంటు మోటారు చప్పుడు చేస్తూ నిలబడి ఉంది. ఆటోలు, మోటారుసైకిళ్ళు, అరటిగెలలు ఎక్కిస్తున్నారు.

వెనక్కి తిరుగుదామని అత్తగారు హ్యాండిల్ తిప్పారు. నేను తిప్పలేదు.

"ఏంటే?" అన్నారు.

"అవతలికి వెళ్దామా?"

ఆవిడ పంటు వైపు చూశారు, నా వైపు చూశారు. ఇంకేమీ అడక్కుండా సైకిలు తోసుకుంటూ చెక్క మీదికి నడిచారు. నేనూ నాది తోసుకుంటూ వెనకే ఎక్కాను.

టిక్కెట్లు కొట్టే అతను మా ఇద్దరినీ, రెండు సైకిళ్ళనీ, దానిమ్మగింజ రంగు జోడునీ వింతగా చూశాడు.

"ఎక్కడిదాకా అమ్మా ప్రయాణం?"

ఎవరేమడిగినా ముందు జవాబిచ్చే మా అత్తగారు నోరు మెదపలేదు. పురుగుల జోడు సర్దుకుని, నువ్వే చెప్పు అన్నట్టు నా వైపు తిరిగారు.

"అమలాపురం వైపు వెళ్తామండి. అలిసిపోతే మధ్యలో ఆగిపోతాం" అన్నాను.

పంటు కదిలింది. గాలికి నీటితుంపర ఎగిరి అద్దాల మీద పడింది. తుడుచుకోబోయి ఊరుకున్నాను. ఆ చుక్కల్లోంచే అవతలి ఒడ్డు, కొబ్బరితోటలు, రేవు మెట్ల మీద బట్టలుతికే మనుషులు, వాళ్ళ చీరల రంగులతో సహా కనిపిస్తూనే ఉన్నారు.